పట్టాల్లో పారే కరెంటు

(బిట్రగుంటలో రైల్వే కాలనీ కుటుంబాల కోసం, చుట్టుపక్కల ఊళ్ల విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో, సిగ్నల్ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఇంజనీరు చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

బిట్రగుంటలో నిలబడి రైలు గురించి మాట్లాడడానికి ఎవరికైనా కాస్త జంకు ఉంటుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఈ ఊరు లోకోషెడ్డు మీదే బతికింది. తాత ఫైర్‌మన్, తండ్రి గార్డు, కొడుకు లోకో పైలట్ అయిన కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. అందుకని ఇంజను సంగతి మీకు వదిలేస్తాను. చక్రం పట్టాను తాకే చోట జరిగే ఒక పని గురించి మాత్రం చెబుతాను. రైలు తన రాకను తానే, తన చక్రాలతోనే, వెనక వచ్చే బండికి తెలియజేసే ఏర్పాటు అది. మేము దాన్ని ట్రాక్ సర్క్యూట్ అంటాం.

మీరందరూ నెల్లూరు వెళ్లివస్తూ ఉంటారు. ఒక్కోసారి పడుగుపాడు దగ్గర బండి ఆగిపోతుంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు కదలదు. పెట్టెలో ఎవరో ఒకరు కిటికీలోంచి తొంగిచూసి, "సిగ్నల్ పాడైనట్టుంది" అంటారు. మర్నాడు పత్రికలో "సిగ్నల్ వైఫల్యంతో నిలిచిన రైళ్లు" అని వార్త వస్తుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎక్కడో తీగ తెగింది, బ్యాటరీ దిగిపోయింది, నిజమే. కానీ ఆ లోపం తలెత్తిన మరుక్షణం సిగ్నల్ ఎర్రగా మారిందంటే అది విఫలం కాలేదు. ఏం చేయడానికి దాన్ని పెట్టారో అదే చేసింది. ఈ ఒక్క విషయం మీకు బోధపడేలా చెప్పాలన్నదే ఈరోజు నా తాపత్రయం.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. పాలిటెక్నిక్ విద్యార్థులు కొంచెం ఓపిక పట్టాలి, ఇంట్లో అమ్మలకు కూడా అర్థమయ్యేలా చెబుతాను.

రెండు పట్టాలూ ఉక్కే కాబట్టి వాటిలో కరెంటు పారుతుంది. స్టేషను యార్డులో ఒక నాలుగు వందల మీటర్ల ముక్క తీసుకుందాం. ఆ ముక్కకు రెండు చివర్లా, పట్టాల అతుకుల మధ్య కరెంటు దాటని బిళ్లలు పెడతాం. అప్పుడు ఆ ముక్క పక్కవాటి నుంచి వేరుపడుతుంది. ఒక చివర బ్యాటరీ పెట్టి, దాని ఒక కొసను ఒక పట్టాకు, రెండో కొసను రెండో పట్టాకు కలుపుతాం. అవతలి చివర రిలే ఉంటుంది. కరెంటు ఒక పట్టా వెంట వెళ్లి, రిలేలోని తీగచుట్ట గుండా ప్రవహించి, రెండో పట్టా వెంట వెనక్కి వస్తుంది. చుట్టలో కరెంటు ఉన్నంతసేపూ అది అయస్కాంతంలా పనిచేసి లోపలి ఇనుపబద్దను పైకి పట్టి ఉంచుతుంది. బద్ద పైన ఉంటే ఆ ముక్క ఖాళీగా ఉన్నట్టు.

ఇప్పుడు బండి వచ్చింది. చక్రం, ఇరుసు, అవతలి చక్రం, మూడూ కలిసి ఒకే ఉక్కు ముద్ద. మొదటి ఇరుసు ఆ ముక్కలోకి అడుగుపెట్టగానే రెండు పట్టాలకూ మధ్య అడ్డదారి ఏర్పడుతుంది. మన పెన్నా ఆయకట్టు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు: పైన కాలువకు గండి పడితే చివరి మడికి నీళ్లు అందవు. కరెంటంతా ఇరుసు మీదుగానే తిరిగిపోతుంది, రిలేకు అందదు, బద్ద కింద పడిపోతుంది. సిగ్నల్ ఎర్రగా మారుతుంది. మా వాళ్ల భాషలో "రిలే డ్రాప్ అయింది" అంటాం. చివరి ఇరుసు దాటి వెళ్లాక కరెంటు మళ్లీ రిలేకు చేరుతుంది, బద్ద మళ్లీ లేస్తుంది.

పాతకాలపు రిలేను చూసినవాళ్లు దాన్ని మరిచిపోరు. నాలుగువైపులా అద్దాలున్న పెట్టె అది. లోపల రాగి తీగచుట్టలు, కింద బద్ద, దానికి బిగించిన కాంటాక్టులు అన్నీ కంటికి కనిపిస్తాయి. బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే రిలే గదిలో ఒకదాని తర్వాత ఒకటి టక్, టక్ మంటూ బద్దలు వాలిపోతాయి. బండిని చూడకుండానే అది ఎక్కడిదాకా వచ్చిందో చెప్పవచ్చు. ఆ బద్ద కిందపడేది స్ప్రింగు బలంతో కాదు, తన బరువుతో. స్ప్రింగు ఎప్పటికైనా అలిసిపోవచ్చు, విరిగిపోవచ్చు. భూమి ఆకర్షణకు సెలవుల్లేవు. ఆ రిలేను తయారుచేసినవాళ్ల ఆలోచన ఎంత లోతుగా వెళ్లిందో చూడండి.

ఈ ఊహ మొదట ఎవరికి వచ్చింది? విలియం రాబిన్సన్ అనే ఆయనకు. ఐర్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. అంతకుముందే కొందరు రైలు చక్రంతో సిగ్నల్ మార్చే ప్రయత్నాలు చేశారు. అమెరికాలోనే థామస్ హాల్ అనే ఆయన పట్టా పక్కన ఒక మీట పెట్టాడు. చక్రం దాన్ని నొక్కుతుంది, నొక్కగానే తీగలో కరెంటు మారి సిగ్నల్ మారుతుంది. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. మీట చెప్పగలిగింది ఒక చక్రం ఇక్కడ దాటిందని మాత్రమే. ఆ తర్వాత బండి రెండుగా తెగి, వెనక నాలుగు వ్యాగన్లు దారిలో నిలిచిపోతే? ముందుభాగం అవతలి మీట నొక్కి వెళ్లిపోతుంది, సిగ్నల్ "దారి ఖాళీ" అంటుంది. వ్యాగన్లు మాత్రం పట్టాల మీదే ఉంటాయి.

రాబిన్సన్ పట్టాలనే తీగలుగా వాడుకున్నాడు. అయితే ఆయన మొదటి నమూనాలో బండి వచ్చినప్పుడే కరెంటు పారేది. చక్రాలు సర్క్యూటును కలుపుతాయి, కలిస్తే సిగ్నల్ ప్రమాదం చూపుతుంది. 1870లో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనలో దాని నమూనా పెట్టాడు. అది చక్కగానే పనిచేసింది. లోపం ఎక్కడుందో ఆయనే పట్టుకున్నాడు: తీగ తెగితే? బ్యాటరీ అయిపోతే? బండి వచ్చినా కరెంటు పారదు. పారకపోతే సిగ్నల్ "రండి, ఏమీ లేదు" అంటూనే ఉంటుంది. ఏ రోజు చెడిపోతే ఆ రోజే అది అబద్ధం చెబుతుంది.

అప్పుడు ఆయన మొత్తం తిరగేశాడు. దారి ఖాళీగా ఉన్నప్పుడే కరెంటు పారాలి, బండి వస్తే ఆగాలి. ఈ పద్ధతికి 1872 ఆగస్టు 20న అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆ ఏడాదే పెన్సిల్వేనియాలోని కింజువా దగ్గర పట్టాల మీద అమలు చేశారు. ఇక ఈ పద్ధతిలో తీగ తెగితే ఎరుపు. బ్యాటరీ దిగిపోతే ఎరుపు. రిలే చుట్ట కాలిపోతే ఎరుపు. పట్టా విరిగి రెండుగా విడిపోతే, చాలా సందర్భాల్లో అప్పుడూ ఎరుపే. పచ్చదీపం వెలగాలంటే అన్నీ సరిగ్గా ఉండాలి, ఎర్రదీపం వెలగడానికి ఏ ఒక్కటి తప్పినా చాలు. వాడిన సరుకు అంతా అదే: బ్యాటరీ, తీగ, రిలే. ఆలోచన దిశ ఒక్కటే మారింది. నూట యాభై ఏళ్లు దాటాయి, ప్రపంచంలో రైళ్లు ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. రాబిన్సన్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. కనపడాలని నా గట్టి అభిప్రాయం. బండి ఎక్కిన ప్రతివాడూ ఆయనకు బాకీయే.

తర్వాత జార్జ్ వెస్టింగ్‌హౌస్, అదే గాలిబ్రేకులు కనిపెట్టిన ఆయన, 1881లో యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ అనే సంస్థ స్థాపించి దీన్ని పెద్ద ఎత్తున విస్తరించాడు. మన దేశంలో 1928లో బొంబాయి విక్టోరియా టెర్మినస్, బైకుల్లాల మధ్య రంగుదీపాల ఆటోమేటిక్ సిగ్నళ్లు వచ్చాయి. ముందు బండి కదిలేకొద్దీ దాని వెనక దీపాలు ఎరుపు, పసుపు, రెండు పసుపులు, పచ్చ అని వరసగా మారిపోతాయి. మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు.

సరే, మన దారికి వద్దాం. విజయవాడ నుంచి గూడూరు దాకా ఈ దారి హౌరా–చెన్నై మార్గంలో భాగం. ఇప్పుడు చాలా చోట్ల మూడో లైను కూడా వచ్చింది. వేగం గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. అంటే సెకనుకు 36 మీటర్లు. ఆ వేగంలో ఉన్న బండి ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. రాత్రిపూట లోకో పైలట్‌కు ఎదుటి పట్టా మీద ఏముందో కంటితో చూసి ఆపే అవకాశమే లేదు. ఆయన నమ్ముకునేది దీపాన్ని. దీపం నమ్ముకునేది రిలేను. రిలే నమ్ముకునేది చక్రానికీ పట్టాకూ మధ్య, చిటికెనవేలి గోరంత చోట, ఉక్కును ఉక్కు తాకడాన్ని.

ఆ గోరంత చోటు మన కోస్తాలో చాలా ఇబ్బంది పెడుతుంది. సింగరాయకొండ, టంగుటూరు, కరవది, ఈ స్టేషన్లన్నీ సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. రోజూ బండ్లు తిరిగే పట్టా తల అద్దంలా మెరుస్తుంది, భయం లేదు. స్టేషన్లో మెయిన్ లైను పక్కన ఉండే, ఎప్పుడో ఒకసారి వాడే లూప్ లైను మీద తుప్పు పొర కట్టి, చక్రం తాకినా కరెంటు సరిగా దాటకపోవచ్చు. అంటే బండి ఉన్నా రిలే వాలకపోవచ్చు. మా శాఖలో అందరినీ భయపెట్టేది ఇదే. రాబిన్సన్ సూత్రం కూడా కాపాడలేని చోటు ఇది. అందుకే పరీక్ష ఉంది. రెండు పట్టాల మధ్య అర ఓమ్ నిరోధం అడ్డంగా పెడతాం. బండి ఇరుసుకు మామూలుగా ఉండే నిరోధం దానికంటే చాలా తక్కువ. ఆ అర ఓముకే రిలే వాలి తీరాలి. వాలకపోతే ఆ సర్క్యూటు పనికిరాదు.

వానాకాలంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. నవంబరులో ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు మన జిల్లాల మీదే విరుచుకుపడతాయి. కంకర శుభ్రంగా ఉంటే నీళ్లు జారిపోతాయి. కంకరలో మట్టి చేరితే, తడిసిన బురద గుండా కరెంటు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు కారిపోతుంది. యార్డులో కిలోమీటరు పట్టాకు ఈ కంకర నిరోధం కనీసం 2 ఓములు ఉండాలని మా లెక్క. అంతకంటే తగ్గితే బండి లేకుండానే రిలే వాలుతుంది. దీపం ఎరుపు. పడుగుపాడు దగ్గర మీ బండి ఆగడానికి ఇలాంటి కారణాలు ఉంటాయి.

ఇంకో సంగతి దగ్గరగా చూపిస్తాను. పట్టాల అతుకు మధ్య బిళ్ల పెడతామన్నాను కదా, దాని మందం కొన్ని మిల్లీమీటర్లే. వేల టన్నుల బండ్లు దాని మీదుగా దొర్లుతాయి. పట్టా కొసలు కొద్దికొద్దిగా నలిగి, అంచు సాగి, బిళ్ల మీదుగా అవతలి పట్టాను అందుకోవాలని చూస్తుంది. బ్రేకుల నుంచి రాలిన ఇనుపరజను ఆ సందులో చేరుతుంది. సిగ్నల్ మెయింటెయినర్ ఎండలో మోకాలి మీద కూర్చుని, ఆ అంచును ఉలితో చెక్కి, రజను బ్రష్షుతో ఊడ్చి, మీటరు పెట్టి చూస్తాడు. నెల్లూరు ఎండ మీకు తెలుసు, పట్టా మీద చెయ్యి పెట్టలేం. పక్కన రెండో మనిషి రెండువైపులా బండ్లు చూస్తూ నిలబడతాడు. మీరు ఏసీ పెట్టెలో నిద్రపోతున్నప్పుడు మీ కింద వెళ్లిపోయిన ప్రతి అతుకూ ఎవరో ఒకరు అలా కూర్చుని చూసినదే.

కరెంటు ఇంజన్లు వచ్చాక చిక్కు పెరిగింది. పైతీగలో 25,000 వోల్టులు. ఇంజను వాడుకున్న ఆ కరెంటు తిరిగి వెళ్లే దారి కూడా పట్టాలే. మా సిగ్నల్ కరెంటు కొద్ది వోల్టులు మాత్రమే. అందుకే యార్డుల్లో సాధారణంగా ఒక పట్టాను ఇంజను కరెంటుకు వదిలి, రెండో పట్టాకే ఇన్సులేషన్, అంటే ఆ కరెంటు దాటని బిళ్లలు, పెడతాం. పైతీగ కరెంటుకు లొంగని ప్రత్యేకమైన రిలేలు వాడతాం.

ఇప్పుడు చాలా చోట్ల ఇరుసులను లెక్కపెట్టే యంత్రం, యాక్సిల్ కౌంటర్, వచ్చింది. పట్టాకు ఒకవైపు ఒక తీగచుట్ట, రెండోవైపు ఇంకొకటి. ఒకటి అయస్కాంత తరంగాలు పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలోంచి చక్రం దూరితే ఆ తరంగం మారుతుంది. ఇలాంటి జతలు పక్కపక్కనే రెండు పెడతారు కాబట్టి, ఏ జత దగ్గర తరంగం ముందు మారిందో చూసి బండి ఎటు వెళ్తోందో కూడా తెలుస్తుంది. 22 పెట్టెల ఎక్స్‌ప్రెస్ తీసుకోండి. పెట్టెకు నాలుగు చొప్పున 88 ఇరుసులు, ఇంజనుకు ఆరు, మొత్తం 94. తాళమంచిలో 94 లోపలికి వెళ్లి, కొడవలూరులో 94 బయటికి వస్తేనే మధ్య దారి ఖాళీ. 90 వస్తే ఒక పెట్టె దారిలో ఉంది. పూర్వం ఈ పని స్టేషన్ మాస్టరు కళ్లు చేసేవి. చివరి పెట్టె మీద గుర్తు, రాత్రయితే ఎర్రలాంతరు, కనిపించేదాకా ఆయన ప్లాట్‌ఫారం మీద నుంచి కదిలేవాడు కాదు. ఇక్కడి పెద్దవాళ్లకు అది గుర్తుండే ఉంటుంది. యాక్సిల్ కౌంటరుకు తుప్పుతో, వానతో పేచీ లేదు. కానీ పట్టా విరిగితే దానికి తెలియదు. ఆ ఒక్క విషయంలో పాత ట్రాక్ సర్క్యూటే మేలు.

రెండింటికీ తెలియనిది ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, పడుగుపాడుల మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయాయి. బండ్లు రద్దు చేశారు, కొన్నింటిని దారి మళ్లించారు. అలాంటప్పుడు పట్టా గాల్లో వేలాడుతూ ఉన్నా తెగిపోదు కాబట్టి కరెంటు నిక్షేపంగా పారుతుంది. సర్క్యూటు దృష్టిలో అంతా సవ్యమే. 2005 అక్టోబరు 29న రామన్నపేట, వలిగొండల మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయిన చోట డెల్టా ప్యాసింజరు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. కట్ట కింద నేల ఉందో లేదో చెప్పగలిగింది వానలో లాంతరు పట్టుకుని నడిచే కాపలా మనిషే. గ్యాంగ్‌మన్ ఉద్యోగం అంటే చిన్నచూపు చూసేవాళ్లకు ఇది తెలియాలి.

ఇక అసలు చెప్పదలుచుకున్న దగ్గరికి వస్తాను. సిగ్నల్ ఎర్రగా ఉన్నంతసేపూ ఎవరికీ ప్రాణభయం లేదు. భయం మొదలయ్యేది ఆ ఎరుపును తొందరగా పోగొట్టాలని మనుషులు ఆత్రపడినప్పుడు.

లండన్ దగ్గర క్లాఫం జంక్షన్‌లో 1988 డిసెంబరు 12న ఒక బండి ఇంకో బండిని వెనక నుంచి గుద్దింది. 35 మంది చనిపోయారు. ట్రాక్ సర్క్యూటులో లోపం లేదు. కొత్త వైరింగు పనిలో పాత తీగ ఒకటి తీసేయకుండా, కొసకు కట్టు కట్టకుండా వదిలేశారు. అది తర్వాత కదిలి పాత చోటనే తగిలింది. పట్టాల మీద బండి ఉన్నా, ఆ తీగ దొంగదారిన కరెంటు అందిస్తూనే ఉంది. దీపం ఎరుపుకు మారలేదు. ఆ తీగ పని చేసిన సాంకేతికుడు పదమూడు వారాల్లో ఒక్కరోజే సెలవు తీసుకున్నాడని విచారణలో తేలింది. అతడు పనికిమాలినవాడు కాదు, అలిసిపోయినవాడు. అతడు చేసిన పనిని రెండో మనిషి పరీక్షించి చూడలేదు.

అంత దూరం ఎందుకు, 2023 జూన్ 2న బాలేశ్వర్ దగ్గర బహనగా బజార్‌లో ప్రమాదానికి గురైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగా చెన్నై వెళ్లవలసిన బండి. 290 మందికి పైగా పోయారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో, సిగ్నల్ సర్క్యూటులో మార్పులు చేసినప్పుడు, గేటు దగ్గర పరికరం మార్చే పనిలో జరిగిన లోపాలే కారణమని తేలింది. పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు, లూప్ లైనుకు తిరిగి ఉంటే, సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చ చూపింది. యంత్రం తనంతట తాను అలా చెప్పదు. మనుషులు తీగలు కలిపిన తీరు దానిచేత అలా చెప్పించింది.

అందుకే సిగ్నల్ పని ఏది చేసినా ముందు స్టేషన్ మాస్టరుకు టీ/351 కాగితం ఇవ్వాలి. ఫలానా పరికరాన్ని వేరు చేస్తున్నాం, మళ్లీ కలిపేదాకా దాన్ని నమ్మవద్దు అని దాని అర్థం. పని అయ్యాక అర ఓము పెట్టి రిలే వాలుతోందో లేదో కళ్లారా చూడాలి. పాయింటు ఎటు ఉందో లైన్లో చూసి, స్టేషన్ మాస్టరు ముందుండే ప్యానల్ మీద చూసి, రెండూ సరిపోల్చాలి. అప్పుడే తిరిగి కలిపినట్టు సంతకం చేయాలి. ఇదంతా చేస్తుంటే అవతల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. బండి ఎంతసేపు ఆపుతారు, ఆలస్యం ఎవరి పద్దులో రాయాలి అని. చాలామంది మంచి మెయింటెయినర్లు ఆ ఫోన్ల కింద నలిగిపోవడం చూశాను. ఇరవై నిమిషాల ఆలస్యానికి సంజాయిషీ అడిగే పద్ధతి ఉంది. నలభై నిమిషాలు పట్టినా పరీక్ష పూర్తిచేసి సంతకం పెట్టినవాడికి మెచ్చుకోలు కాగితం ఇచ్చే పద్ధతి ఉండాలి. ఇది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

ఊళ్లో వాళ్లకు ఒక మాట. పట్టాలకు బిగించి ఉండే రాగి తీగలను కొందరు పాత సామాను కొట్టుకు అమ్ముతున్నారు. తీగ పోతే దీపం ఎర్రబడుతుంది, బండి ఆగుతుంది, గుద్దుకోదు. కానీ అర్ధరాత్రి ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని వెళ్లి, ఫోన్లు మోగుతుంటే ఆ తీగను మళ్లీ కలపాలి. దొంగిలించినవాడు అతని మీద ఎంత బరువు పెట్టాడో ఆలోచించండి. పిల్లలు సరదాకు పట్టా మీద ఇనుపముక్కలు, గొలుసులు అడ్డంగా పెడితే అదీ ఇరుసులాగే పనిచేస్తుంది. ఎక్కడో ఒక రిలే వాలుతుంది, ఒక బండి ఆగుతుంది. పట్టాల మీదికి అసలు వెళ్లవద్దు.

చూడాలనుకున్న విద్యార్థులు ప్లాట్‌ఫారం చివర, గీత ఇవతల నిలబడి చూడండి. పట్టా అతుకు దగ్గర సన్నటి నల్లగీత కనిపిస్తే అది ఇన్సులేషన్. దాని పక్కన బూడిదరంగు పెట్టె ఉంటే అందులోంచే తీగలు పట్టాకు వస్తాయి. బండి ఆ గీత దాటగానే సిగ్నల్ వైపు చూడండి, మొదటి ఇరుసుకే మారిపోతుంది.

ఇక ప్రశ్నలు. ఆ మూల కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడుగు తల్లీ, ముందు నీతోనే మొదలుపెడదాం.